ఇంట్లో ఆఫీసు పెట్టుకునేవాళ్ళు టేబుల్ ఆఖర్న కొనాలి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు చెప్పిన లెక్క 21 రోజులు. 21 రోజుల కోసం టేబుల్ ఎవరు కొంటారు, అందుకే డైనింగ్ టేబుల్ దగ్గర ఒకళ్ళు, మంచం మీద దిండు ఒళ్ళో పెట్టుకుని ఒకళ్ళు, ఇస్త్రీ బల్ల లాక్కుని ఇంకొకళ్ళు లాప్‌టాప్‌లు తెరిచేశారు. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో పెద్ద ఐటీ క్యాంపస్‌లు చాలావరకు సెజ్‌లే (ప్రత్యేక ఆర్థిక మండళ్ళు) కదా, అక్కడి ఉద్యోగి ఇంటి నుంచి పని చెయ్యడానికి 2022 జులైలో సెజ్ నిబంధనల్లో 43ఏ అని ఒక కొత్త రూలే పెట్టాల్సొచ్చింది. ఆ తర్వాత కంపెనీలు వెనక్కి పిలవడం, వారానికి మూడు రోజులు రమ్మనడం, మళ్ళీ కొన్ని పూర్తిగా ఇంటికే వదిలెయ్యడం, ఇలా నడుస్తూనే ఉంది. ఇళ్ళల్లో ఏర్పాటు మాత్రం ఆ 21 రోజుల దగ్గరే ఆగిపోయింది చాలామందికి. మెడ నొప్పి మొదలయ్యాకో, క్లయింట్ కాల్ మధ్యలో నాలుగోసారి నెట్ పోయాకో అప్పుడు "సరే ఒక సెటప్ పెట్టుకుందాం" అని కూర్చుంటారు.

కూర్చుని చేసే మొదటి పని యూట్యూబ్‌లో డెస్క్ సెటప్ వీడియోలు చూడటం. అందులో అంతా కనపడేదే ఉంటుంది, వాల్‌నట్ రంగు టేబుల్, వెనకాల రంగు లైటు, రెండు మానిటర్లు, చిన్న మొక్క. ఆ గదిలో కరెంటు పోతే ఏమవుతుందో ఏ వీడియోలోనూ ఉండదు, ఎందుకంటే ఆ వీడియోలు తీసేది ఎక్కువగా కరెంటు పోని ఊళ్ళల్లో. మన దగ్గర మే నెలలో గాలిదుమారం లేచి కొమ్మ విరిగి లైన్ మీద పడితే ఆ మొక్కా కాపాడదు, ఆ లైటూ వెలగదు. కాబట్టి ఇక్కడి ఇంటికి కొనే వరస పూర్తిగా తిరగెయ్యాలి. ముందు కరెంటు, తర్వాత నెట్, తర్వాత కుర్చీ, ఆ తర్వాత గది వేడి, శబ్దం, అన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో టేబులు.

ఇంట్లోంచి పని చెయ్యడం మనకేమీ కొత్త కాదు అసలు. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో గుంట మగ్గం ఉన్న ఇంటికి వెళ్తే అక్కడ ఇంటికి పనిని సర్దలేదు, పనికి ఇంటిని సర్దారు. మగ్గానికి కావాల్సినంత పొడుగు ముందు గది ఉంటుంది, నేలలో గుంట తవ్వి కాళ్ళు అందులోకి దింపి కూర్చుంటారు, పెడళ్ళు ఆ గుంటలోనే, చేతులు ఎక్కడ ఆడాలో అక్కడికి మగ్గం ఎత్తు వస్తుంది, వెలుతురు నూలు మీద పడేట్టు కిటికీనో తలుపో ఉంటుంది. కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు, కాళ్ళకి ఆనిక అని ఇప్పుడు ఎర్గోనామిక్స్ పేరుతో చెప్పేవన్నీ ఆ గుంటలో ఉన్నాయి. (అంతమాత్రాన నేతపనిలో నడుం నొప్పులు లేవని కాదు, రోజంతా కూర్చుంటే ఏ ఏర్పాటైనా నొప్పే.) ఆ ఇంటి బలహీనత కూడా చూడాలి, పెద్ద వాన వచ్చి గుంటలోకి నీళ్ళు ఊరితే మగ్గం ఆగిపోతుంది, ఆరేదాకా కూలి ఉండదు. అందుకని నేతగాడు ముందు ఆలోచించేది మగ్గం మీద బొమ్మ గురించి కాదు, గుంటలోకి నీళ్ళు రాకుండా ఏం చెయ్యాలా అని. లాప్‌టాప్ పనికి ఆ వాన నీళ్ళు అంటే కరెంటు పోవడం, నెట్ పోవడం.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చాలా ఇళ్ళల్లో ఇన్వర్టర్ ఇప్పటికే ఉంటుంది, కాబట్టి "మాకు బ్యాకప్ ఉంది" అనుకుంటారు. కానీ ఇన్వర్టర్ పెట్టిన రోజు ఎలక్ట్రీషియన్ చేసేది ఏంటంటే గదికో ఫ్యాను, ఒక లైటు, హాల్లో టీవీ ఇన్వర్టర్ లైన్‌కి కలిపి వెళ్ళిపోతాడు. బెడ్‌రూమ్‌లో కిటికీ పక్కన ఉన్న ప్లగ్ పాయింట్, అంటే రేపు లాప్‌టాప్ పెట్టుకోబోయే పాయింట్, అందులో ఉండదు. కాబట్టి టేబుల్ ఎక్కడ వెయ్యాలా అని చూసేముందు ఇంటి మెయిన్ ఒకసారి ఆపేసి ఏయే సాకెట్లలో కరెంటు వస్తుందో ఫోన్ ఛార్జర్ పట్టుకుని ఇల్లంతా తిరిగి చూడాలి. పది నిమిషాల పని. కావాల్సిన పాయింట్ లైన్‌లో లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కలిపించుకోవడం, టేబుల్‌ని పాయింట్ దగ్గరికి మోసుకుపోవడమో, ఎక్స్‌టెన్షన్ బాక్సులు గుమ్మాలకడ్డంగా లాగడమో చెయ్యడం కంటే వెయ్యి రెట్లు నయం.

రెండోది ఇన్వర్టర్‌కి ఉండే ఒక చిన్న స్విచ్. చాలా మోడళ్ళలో వెనకాలో పక్కనో ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అని, ఇంకోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునేలోపు వచ్చే సందు కాస్త ఎక్కువ, ఫ్యానుకీ లైటుకీ అది తెలియను కూడా తెలియదు, కానీ రూటర్ ఆరిపోయి మళ్ళీ వెలిగి నెట్ పట్టుకునేసరికి రెండు నిమిషాలు, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే దారి) మళ్ళీ లాగిన్ అయ్యేసరికి ఇంకో రెండు నిమిషాలు, ఈలోపు మీటింగ్‌లో "ఆర్ యూ దేర్" అని మూడుసార్లు అడిగేసి ఉంటారు. యూపీఎస్ మోడ్‌లో ఆ సందు బాగా చిన్నది, మామూలుగా రూటరూ డెస్క్‌టాపూ ఆగవు. దీనికీ ఒక మెలిక ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ వోల్టేజ్ విషయంలో పట్టింపు ఎక్కువ, సుమారు 180 వోల్ట్‌ల కిందకి పడితే మెయిన్స్ వదిలేసి బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది. లో వోల్టేజ్ ఉండే పల్లెటూళ్ళల్లో, పొలం మోటార్లు నడిచే టైములో, కరెంటు ఉన్నా సరే బ్యాటరీ కరిగిపోతూ ఉంటుంది. అలాంటిచోట ఇన్వర్టర్‌ని నార్మల్‌లోనే ఉంచి రూటర్‌కి విడిగా మినీ యూపీఎస్ పెట్టుకోవడం తెలివైన పని.

ఈ మినీ యూపీఎస్ అన్న డబ్బా గురించి ఎంత చెప్పినా తక్కువే. అరచేతిలో పట్టేంత ఉంటుంది, వెయ్యి రెండు వేల మధ్యలో దొరుకుతుంది, రూటర్ అడాప్టర్‌కీ రూటర్‌కీ మధ్యలో పెడతారు. మామూలు రూటర్ పది వాట్ల లోపే తింటుంది కాబట్టి రెండు మూడు గంటలు లాగుతుంది. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద 12 వోల్ట్ అని ఉందా, 9 అని ఉందా, ఎన్ని ఆంప్స్ అని ఉంది అన్నది చూసుకుని దానికి సరిపోయేది తీసుకోవాలి, అంతే. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్ళకి కూడా ఇది కావాలి, ఎందుకంటే కరెంటు పోయిన క్షణానికీ జనరేటర్ అందుకునే క్షణానికీ మధ్య పది ఇరవై సెకన్లు పడుతుంది, లాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి బతికిపోతుంది, రూటరే చస్తుంది. మొత్తం సెటప్‌లో పెట్టిన రూపాయికి ఎక్కువ పనికొచ్చే వస్తువు ఇదే, అయినా డెస్క్ సెటప్ వీడియోల్లో దీని ఊసే ఉండదు.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్న లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్), 12 వోల్ట్ బ్యాటరీ అంటే 1800 వాట్ అవర్లు, కాగితం మీద. ఇన్వర్టర్‌లో పోయేది పోగా, బ్యాటరీని పూర్తిగా పిండకుండా ఆపితే చేతికొచ్చేది సుమారు 1100. లాప్‌టాప్ 50 వాట్లు, మానిటర్ 25, రూటర్ 10, ట్యూబ్‌లైట్ 20, పాతకాలం సీలింగ్ ఫ్యాను 75, మొత్తం 180 వాట్లు, అంటే ఆరు గంటలు. ఇందులో ఫ్యాను ఒక్కటే మిగతా దేనికన్నా ఎక్కువ తింటోంది గమనించండి. ఆ ఒక్క ఫ్యాను తీసేసి కరెంటు తక్కువ తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే లోడ్ 135కి దిగుతుంది, బ్యాకప్ ఎనిమిది గంటలకి పెరుగుతుంది, అంటే ఒక షిఫ్ట్ మొత్తం. ఇంకో బ్యాటరీ కొనడం కన్నా ఫ్యాను మార్చడం చాలా చవక. ఇదంతా కొత్త బ్యాటరీకి, నాలుగేళ్ళ బ్యాటరీకి ఇందులో సగం వచ్చినా గొప్పే, అది కూడా డిస్టిల్డ్ వాటర్ టైముకి పోస్తుంటే. ఆ బ్యాటరీని కూర్చునే గదిలో టేబుల్ కింద తోసెయ్యకూడదు, ఛార్జ్ అయ్యేటప్పుడు దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడేచోట ఉండాలి.

కరెంటు దగ్గరే ఇంకొకటి, ఎర్తింగ్. మెటల్ బాడీ ఉన్న లాప్‌టాప్‌ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మణికట్టు ఆనిస్తే జిల్లుమంటుంది చూశారా, అది లాప్‌టాప్ తప్పు అనుకుని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తారు, అక్కడ వాళ్ళు చూసి బాగానే ఉంది అంటారు. అడాప్టర్ లోపల ఫిల్టర్‌ కోసం పెట్టిన కెపాసిటర్ల గుండా కొద్దిగా కరెంటు లీకవుతుంది, అది ఎర్త్‌లోకి పోవాలి, గోడ సాకెట్‌లో మూడో కన్నం ఉంది కానీ దాని వెనక వైరు లేకపోతే మనిషి గుండా పోతుంది. ప్రాణం తీసేంత ఉండదు, కానీ రోజంతా ఆ చిరచిర ఎవరికి కావాలి. పైగా అసలు ఎర్త్ లేదని తెలియజెప్పే గుర్తు అది, అలాంటి ఇంట్లో గీజర్‌లోనో వాషింగ్ మెషిన్‌లోనో ఏదన్నా తేడా వస్తే అప్పుడు పడేది చిన్న జిల్లు కాదు. ఉప్పు, బొగ్గు వేసి గుంత తీసి పెట్టే పాతకాలం ఎర్తింగ్ అయినా, రెడీమేడ్ కెమికల్ ఎర్తింగ్ అయినా, ఏదో ఒకటి పని చేస్తూ ఉండాలి. ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే రెండు మూడు వోల్ట్‌ల లోపు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు 230 కనపడాలి. అద్దె ఇల్లయితే ఓనరుతో ఈ మాట ఇల్లు తీసుకునే ముందే మాట్లాడుకోవడం మంచిది, దిగాక మాట్లాడితే "ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదే" అన్న జవాబే వస్తుంది.

ఇక నెట్. ఎన్ని ఎంబీపీఎస్ అన్నదాని మీదే చర్చంతా జరుగుతుంది, నిజానికి అది చిన్న విషయం. ఒక మంచి వీడియో కాల్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు, అటూ ఇటూ. ఇంట్లో ఇద్దరు పని చేస్తూ పిల్లలు ఏదన్నా చూస్తున్నా 50 ఎంబీపీఎస్ ప్లాన్ సరిపోతుంది. 300 ప్లాన్ తీసుకుని కూడా గొంతు ముక్కలుముక్కలుగా వెళ్తోందంటే కారణం ఇంకెక్కడో ఉంది. అడగాల్సింది ఏంటంటే ఇంటిదాకా వచ్చేది నిజంగా ఫైబరేనా, లేక వీధి చివరిదాకా ఫైబర్ వచ్చి అక్కణ్ణుంచి మామూలు లాన్ వైరా అని. తేడా ఇక్కడ ఉంది. ఇంటిదాకా ఫైబర్ వచ్చే పద్ధతిలో దారిలో ఉండే స్ప్లిట్టర్లకి కరెంటే అక్కర్లేదు, అద్దం ముక్కల్లాగా వెలుగుని పంచుతాయి అంతే, కాబట్టి వీధిలో కరెంటు పోయినా ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉండి ఇంట్లో రూటర్ వెలుగుతుంటే నెట్ వస్తూనే ఉంటుంది. లాన్ వైరు పద్ధతిలో మధ్యలో స్విచ్ డబ్బా ఒకటి ఉంటుంది, ఏదో బిల్డింగ్ లిఫ్ట్ రూమ్‌లోనో ఎవరో షాపు గోడ మీదో, ఆ షాపాయన రాత్రి మెయిన్ ఆపేసి ఇంటికి వెళ్తే నెట్ కూడా ఇంటికి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఎంత ఇన్వర్టర్ పెట్టుకుని ఏం లాభం! ఇంకో చిక్కు పిడుగులు. డాబా మీదుగా వేలాడుతూ వచ్చే రాగి లాన్ వైరు ఉరుముల రోజున రూటర్‌లో ఆ పోర్ట్‌ని కాల్చేస్తుంది, ఫైబర్ గాజు కాబట్టి దానిగుండా ఆ బెడద లేదు, అడాప్టర్ గుండా వచ్చేది మాత్రం ఉంటుంది.

రూటర్ పెట్టే చోటు ఇంకో పెద్ద కథ. వైరు లాగడానికొచ్చిన కుర్రాడికి ఏది దగ్గరైతే అక్కడ పెడతాడు, అంటే హాల్లో టీవీ వెనకాల. మన గోడలు ఇటుక గోడలు, బయట గోడలైతే తొమ్మిదంగుళాలు, మధ్యలో కాంక్రీట్ పిల్లర్లు, ఇవన్నీ చాలనట్టు బెడ్‌రూమ్ గోడకి ఆనించి నిలువెత్తు ఇనప బీరువా. 5 గిగాహెర్ట్జ్ వైఫై స్పీడే కానీ గోడ దాటడం దానికి కష్టం, 2.4 గోడలు దాటుతుంది కానీ అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్ళవి, పైవాళ్ళవి ఒక పదిహేను వైఫైలు అదే దారిలో తోసుకుంటూ ఉంటాయి. బీరువా వెనకాల కూర్చుని వైఫై బాలేదంటే వైఫై ఏం చేస్తుంది. వైఫైని మిగతా గదుల్లోకి పంచే మెష్ రూటర్లని, ఎక్స్‌టెండర్లని కొనే ముందు ఒక క్యాట్6 లాన్ వైరు హాల్లోంచి గది దాకా లాగించి లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చెయ్యడం మంచిది. గుమ్మం పైనుంచి గోడ వెంబడి క్లిప్పులు కొడితే చాలు, అందంగా ఉండదు నిజమే, కానీ కాల్ తెగదు. లాన్ పోర్ట్ లేని లాప్‌టాప్‌లకి చిన్న అడాప్టర్ ఒకటి కావాలి. రెండో నెట్ కింద ఫోన్ హాట్‌స్పాట్ అందరికీ ఉంది, కాకపోతే ఆ సిమ్ వేరే కంపెనీది అయ్యుండాలి, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ సిమ్మే అయితే వాళ్ళ పెద్ద కేబుల్ ఎక్కడో రోడ్డు తవ్వకాల్లో తెగిన రోజున రెండూ కలిసి పోయే ప్రమాదం ఉంది.

కుర్చీ, టేబుల్ దగ్గరికి వస్తే అసలు సమస్య కొలత. షాపుల్లో దొరికే టేబుళ్ళన్నీ 29, 30 అంగుళాల ఎత్తు, ఆన్‌లైన్లోవీ అంతే. ఆ ఎత్తు బాగా పొడుగున్న మనిషికి సరిపోతుంది. ఐదడుగుల రెండంగుళాల మనిషి పాదాలు నేలకి ఆనేట్టు కూర్చుంటే మోచెయ్యి నేల నుంచి 24, 25 అంగుళాల దగ్గర ఉంటుంది, కీబోర్డ్ ఉండాల్సిన ఎత్తు అది. ఐదంగుళాలు తేడా. అప్పుడు భుజాలు పైకెత్తుకుని టైప్ చేస్తారు, సాయంత్రానికి మెడ వెనకాల రాయి పెట్టినట్టు ఉంటుంది, దాన్ని కుర్చీ తప్పు అనుకుని ఇంకా ఖరీదైన కుర్చీ కొంటారు. మన ఆడవాళ్ళలో చాలామంది ఇంకా పొట్టి కాబట్టి ఈ బాధ వాళ్ళకే ఎక్కువ, టేబుళ్ళు చేసేవాళ్ళకి మాత్రం ఇది పట్టినట్టు లేదు.

దీనికి చవకైన దారి రెండు రకాలు. కుర్చీని పైకి లేపి, గాల్లో వేలాడే కాళ్ళ కింద ఎత్తు పీట వెయ్యడం ఒకటి. ఫుట్‌రెస్ట్ అని పేరు పెట్టి రెండు వేలకి అమ్మేది కూడా పీటే, ఇంట్లో అటక మీద అమ్మమ్మ నాటిది ఒకటి ఉండే ఉంటుంది. రెండోది వడ్రంగితో మోచేతి ఎత్తుకి తగ్గ బల్ల చేయించుకోవడం, లేదా ఉన్న బల్ల కాళ్ళు కోయించడం. టేప్ తీసుకుని కూర్చుని మోచెయ్యి దగ్గర కొలత తీయించుకుని మరీ చేయించాలి, జాకెట్ కుట్టించుకునేటప్పుడు తీసుకునే జాగ్రత్తలో సగం చాలు. ఇంట్లో ఇద్దరు వేరే వేరే ఎత్తులు ఉంటే పొడుగు మనిషికి బల్ల, పొట్టి మనిషికి పీట.

కుర్చీ మీద మాత్రం డబ్బు పెట్టొచ్చు, కాకపోతే కొత్తదే కానక్కర్లేదు. హైదరాబాద్‌లో ఆఫీసులు ఖాళీ చేసినప్పుడల్లా వాళ్ళ కుర్చీలు సెకండ్‌హ్యాండ్ ఫర్నిచర్ షాపులకి వస్తాయి, మంచి ఆఫీసు కుర్చీ నాలుగేళ్ళు వాడింది కూడా కొత్త గేమింగ్ కుర్చీ కన్నా నయం. గేమింగ్ కుర్చీలు కారు సీట్ల లాగా ఫోముతో రెక్సిన్‌తో ఉంటాయి, మన ఉక్కలో వీపంతా తడిసిపోతుంది, మెష్ వీపు ఉన్నదే ఇక్కడికి తగింది. షాపులో కూర్చున్నప్పుడు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని అది మెల్లగా కిందకి దిగుతోందా చూడాలి, దిగుతోందంటే సీటుని పైకి లేపి నిలబెట్టే గ్యాస్ లిఫ్ట్ పోయినట్టు, ధర తగ్గించమనొచ్చు, అది మార్చుకోవడం పెద్ద ఖర్చేం కాదు.

లాప్‌టాప్‌కి పుట్టుకతో ఒక లోపం ఉంది, తెర, కీబోర్డ్ అతుక్కుని ఉండటం. తెర కళ్ళకి సరిపోతే చేతులు గాల్లో, చేతులకి సరిపోతే మెడ కిందకి. కాబట్టి వెయ్యి రూపాయల కీబోర్డ్, మౌస్ కొనుక్కుని లాప్‌టాప్‌ని పాత పుస్తకాల దొంతర మీదకి ఎక్కిస్తే సగం ఎర్గోనామిక్స్ అయిపోయినట్టే. తెర పై అంచు కళ్ళ ఎత్తులో, చెయ్యి చాపినంత దూరంలో. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం ఉండే ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలవాళ్ళకి మాత్రం ఈ రూలు పని చెయ్యదు, వాళ్ళు అద్దం కింది భాగం లోంచి చూస్తారు కాబట్టి తెర ఇంకా కిందకి ఉండాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చూసి చూసి మెడ ఇంకోవైపు పడుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరం చూడమని కళ్ళ డాక్టర్లు చెప్తారు, పదీ పదకొండు గదిలో ఇరవై అడుగులు ఎక్కడివి, అందుకే కిటికీ కావాలి.

ఏ గది అన్న ప్రశ్నకి మామూలుగా వాస్తు జవాబు చెప్తుంది, తూర్పుకో ఉత్తరానికో తిరిగి కూర్చోమని. పట్టింపు ఉన్నవాళ్ళు అలాగే కూర్చోవచ్చు, దాంతో పేచీ ఏమీ లేదు. పైగా ఉత్తరపు కిటికీలోంచి ఎండ నేరుగా పెద్దగా పడదు, వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది, తెరకి మంచిది. ఒక్కటే చూసుకోవాలి, కిటికీ వీపు వెనకాల రాకూడదు, వస్తే వీడియోలో మొహం నల్లగా నీడలా కనపడుతుంది, కిటికీ పక్కన ఉంటే అన్నిటికన్నా మేలు. రింగ్ లైట్ల అవసరమే రాదు, ఎదురు గోడకి ఒక 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ ఉంటే రాత్రి కాల్స్‌కి చాలు.

వాస్తు కన్నా ఎక్కువ పట్టించుకోవాల్సింది పడమటి గోడ. మధ్యాహ్నం నుంచి ఎండ తాగిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆ వేడిని వెంటనే లోపలికి ఇవ్వదు, గంటల తర్వాత వదలడం మొదలుపెడుతుంది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా గది కుంపటిలా ఉండేది అందుకే, అమెరికా వాళ్ళతో కాల్స్ ఉండేదీ సరిగ్గా అప్పుడే. పై అంతస్తు అయితే స్లాబ్ కూడా తోడు. ఆఫీసు గదిగా పడమర గది తీసుకోక తప్పకపోతే కిటికీకి బయట వెదురు తడక కట్టడం లోపల కర్టెన్ వెయ్యడం కన్నా బాగా పని చేస్తుంది, వేడి అద్దం దాటాక ఆపి ఏం లాభం. డాబా మీద తెల్ల కూల్ పెయింట్ కొట్టించడం కూడా అంతే, తెలంగాణ ప్రభుత్వం దీనికోసం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చింది, సున్నం వేసే పాత అలవాటుకి కొత్త పేరు అనుకోవచ్చు. కూలర్ సంగతి అయితే కరీంనగర్, అనంతపురం లాంటి పొడి వేడి ఊళ్ళల్లో పని చేస్తుంది, విజయవాడ, రాజమండ్రి ఉక్కలో ఇంకాస్త జిడ్డు తెస్తుంది, ఎక్కడైనా మైకులో మాత్రం లారీ ఇంజన్‌లా వినపడుతుంది.

ఏసీ వేస్తే ఒక లెక్క మర్చిపోకూడదు. ఎండాకాలం రోజుకి తొమ్మిది గంటలు ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ నడిస్తే రోజుకి ఆరేడు యూనిట్లు, నెలకి పనిరోజులు లెక్కేసుకున్నా నూట ముప్పై నలభై. శ్లాబుల పద్ధతిలో ఈ యూనిట్లు పడేది అడుగున కాదు, పైన, అంటే ఖరీదైన శ్లాబులో. తెలంగాణలో ఊళ్ళో అమ్మానాన్న ఇంటికి వెళ్ళి పని చేసేవాళ్ళకి ఇంకో తిరకాసు, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్ళకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది కదా, 200 దాటితే దాటినంతకే కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. కొడుకు వచ్చి రెండు నెలలు ఏసీ వేసుకుని పని చేసుకుంటే అంతవరకు సున్నా బిల్లు చూసిన నాన్న చేతిలో రెండు వేల బిల్లు పడుతుంది. ఆయన ఏమీ అనడు, అది వేరే విషయం.

శబ్దం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కుక్కర్ విజిల్, మిక్సీ, కింద "పాత ఇనప సామాను కొంటాం" అని రికార్డు పెట్టి తిరిగే ఆటో, శ్రావణ మాసంలో గుడి మైకు, వీటిని ఆపడం ఎవరి తరం కాదు. నోటి దగ్గరికి కడ్డీలా మైకు ఉండే వైరు హెడ్‌సెట్ వీటిని చాలావరకు తగ్గిస్తుంది, ఖరీదైన బ్లూటూత్ బడ్స్ కన్నా బాగా. గది ఖాళీగా, టైల్స్‌తో ఉంటే గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది, పరుపు, కర్టెన్లు, బట్టలు ఉన్న గదిలో ఆ గోల ఉండదు, అందుకని విడిగా ఆఫీసు గది లేదని బాధపడేవాళ్ళకి ఒక మంచి మాట, కాల్స్‌కి బెడ్‌రూమే మేలు.

తలుపు మాత్రం కావాలి. హాల్లో మూల ఎంత అందంగా అమర్చుకున్నా అది ఆఫీసు అవ్వదు, ఎందుకంటే హాల్లో కూర్చున్న మనిషి ఇంట్లోవాళ్ళ లెక్కలో ఖాళీగా ఉన్న మనిషి. "ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ బండ వస్తే కాస్త చూడు" అన్నది మగవాళ్ళకి రోజుకి ఒకసారి వస్తే ఆడవాళ్ళకి పదిసార్లు వస్తుంది. కోడలు కాల్‌లో ఉండగానే చుట్టాలకి కాఫీ సంగతి సైగ చేసి అడిగే ఇళ్ళు లెక్కలేనన్ని. దీనికి ఏ గాడ్జెట్టూ లేదు. తలుపు వేసి ఉంటే కాల్, ఓరగా ఉంటే పిలవొచ్చు, తెరిచి ఉంటే ఖాళీ అని ఇంట్లో ఒక ఒప్పందం చేసుకుని పది రోజులు పట్టుగా నడిపిస్తే పెద్దవాళ్ళకి కూడా అలవాటవుతుంది. పిల్లలకి మాత్రం కాదు.

అమెరికా టైముతో పని చేసేవాళ్ళు ఈ ఒప్పందాన్ని ఏడాదికి రెండుసార్లు మార్చుకోవాలి. న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిది గంటల మీటింగ్ అంటే ఎండాకాలంలో మనకి సాయంత్రం ఆరున్నర, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం మార్చాక ఏడున్నర, మళ్ళీ మార్చి రెండో ఆదివారం ఆరున్నరకి వస్తుంది. కాలిఫోర్నియా అయితే రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర. ఆరున్నర అంటే టీవీ సీరియళ్ళు మొదలయ్యే టైము, ఏడున్నర అంటే అందులో మధ్యభాగం, తొమ్మిదిన్నర అంటే భోజనాలు అయ్యి మంచం ఎక్కే టైము. బెడ్‌రూమ్‌లో ఆఫీసు పెట్టుకున్నవాళ్ళకి ఇక్కడే ఇరుకు, పగలు బంగారంలా ఉన్న ఏర్పాటు రాత్రికి ఇంకొకళ్ళ నిద్ర పోగొడుతుంది. రాత్రి షిఫ్ట్ ఉంటే మొదటి నుంచే టేబుల్‌ని సామాన్ల గదిలోకో, గాజు తలుపులు పెట్టి మూసిన బాల్కనీలోకో తీసుకుపోవడం మంచిది, బాల్కనీ అయితే పడమటిది కాకుండా చూసుకోవాలి.

పన్ను గురించి రెండు ముక్కలు. జీతం తీసుకునేవాళ్ళకి కుర్చీ, టేబుల్, ఇన్వర్టర్ కొన్నందుకు విడిగా మినహాయింపు ఏమీ లేదు, కొత్త విధానంలో 75,000, పాతదాంట్లో 50,000 స్టాండర్డ్ డిడక్షన్ ఎలాగూ వస్తుంది, అందులోనే అన్నీ. సొంతంగా ఫ్రీలాన్స్ చేసేవాళ్ళ పరిస్థితి వేరు, వాళ్ళు లెక్కల పుస్తకాలు రాసి చూపిస్తే కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం, ఫర్నిచర్ మీద 10 శాతం తరుగుదల ఖర్చు కింద రాసుకోవచ్చు. అందుకని ఫ్రీలాన్స్ వాళ్ళు వడ్రంగి దగ్గర కూడా బిల్లు అడగాలి. ఇవ్వడు, కానీ అడగాలి.